వేసవి సెలవుల్లో ఆర్కిటెక్చర్ బడి: పట్టిసీమ పేట పిల్లలకు ఒక పరిచయం

పట్టిసీమ రేవులో గోదావరి మధ్యన దేవకూట పర్వతం, దాని మీద వీరభద్రస్వామి గుడి. ఒడ్డున 2015లో కట్టిన ఎత్తిపోతల పథకం: 24 పంపులు, 8,500 క్యూసెక్కుల నీళ్ళు, ఇక్కడినుంచి పోలవరం కుడి కాలువలో పడి కృష్ణ దాకా పోతాయి. ఎగువన పోలవరం ప్రాజెక్టు. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, 1847లో మొదలై 1852లో పూర్తయింది. రాజమండ్రి దగ్గర మూడు తరాల రైలు వంతెనలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి: 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-కం-రైలు వంతెన, 1997లో పూర్తయిన ఆర్చి వంతెన. కట్టడం అంటే ఏమిటో చదువుకోవాలనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు ఈ రాష్ట్రంలో తక్కువ.

అయినా ఈ చుట్టుపక్కల మాల పేటల్లో, మాదిగ పేటల్లో, ఎగువన కోయ, కొండరెడ్డి గూడేల్లో పదో తరగతి పిల్లల్ని 'ఏమవుతావు' అని అడిగితే పోలీసు, టీచరు, నర్సు, సాఫ్ట్‌వేరు, కలెక్టరు అంటారు. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో పాలేరు చదువుకుని డిప్యూటీ కలెక్టర్ అయ్యాడు. అప్పటినుంచి మన ఊహ ఆఫీసు కుర్చీ చుట్టూనే తిరుగుతోంది. అందులో తప్పేమీ లేదు, ఆ కుర్చీ మనకు కావాల్సిందే. ఆర్కిటెక్ట్ అనే మాట మాత్రం మన పిల్లల చెవిన పడకుండానే ఇంటర్ అయిపోతుంది. విన్నా 'ఇంజనీరే కదా' అనుకుంటారు. ఇల్లు కట్టే పనిలో మన చేతులు తరతరాలుగా ఉన్నాయి. ఇటుక బట్టీలో మనం, ఇసుక రేవులో మనం, సెంట్రింగ్ దగ్గర మనం, తట్ట మోసే ఆడవాళ్ళు మన ఇళ్ళవాళ్ళు. ఇల్లు ఎలా ఉండాలో కాగితం మీద గీసే చెయ్యి మనది కాదు. గీసిన చెయ్యే గది ఎంతుండాలో, మరుగుదొడ్డి ఎటుండాలో, పేటకు రోడ్డు ఎంత వెడల్పు వెయ్యాలో చెబుతుంది.

ఆ చెయ్యి తయారయ్యే చోట్లలో ఒకటి, కాలేజీకి ముందే వేసవి సెలవుల్లో నడిచే ఆర్కిటెక్చర్, డిజైన్ శిబిరం. అదేమిటో, ఎవరు నడుపుతారో, మన పిల్లలకు అది ఎందుకు అవసరమో, అది లేకపోతే పట్టిసీమలో మనమే ఏం చేసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాం.

ప్రీ-కాలేజ్ ప్రోగ్రాం అంటే

అమెరికాలో పేరున్న ఆర్కిటెక్చర్ కాలేజీలు చాలావరకు హైస్కూలు పిల్లలకు ఎండాకాలం ప్రోగ్రాంలు నడుపుతాయి. కార్నెల్, కార్నెగీ మెలన్, కాలిఫోర్నియాలో యూఎస్‌సీ నడిపేవి అందరికీ తెలిసినవి. బర్కిలీలో నడిచేదాని పేరు ఎంబార్క్. రెండు వారాల నుంచి ఆరు వారాల దాకా ఉంటాయి. పిల్లలు హాస్టల్లో ఉండి, పొద్దున్నించి సాయంత్రం దాకా స్టూడియోలో పని చేస్తారు. స్టూడియో అంటే క్లాసురూం కాదు. ఒక్కొక్కరికి ఒక బల్ల, దాని మీద కాగితాలు, అట్ట ముక్కలు, కట్టర్, జిగురు. పంతులు బోర్డు మీద రాసి చెప్పడు. బల్ల దగ్గరికొచ్చి 'ఈ గోడ ఇక్కడెందుకు పెట్టావు' అని అడుగుతాడు. పిల్ల జవాబు చెప్పాలి, లేకపోతే గోడ జరపాలి. వారం చివర బొమ్మలన్నీ గోడకు అంటిస్తారు, దాన్ని పిన్-అప్ అంటారు. ఆఖరి రోజు బయటివాళ్ళు వచ్చి చూసి ప్రశ్నలు వేస్తారు, అది జ్యూరీ. చేసిన బొమ్మలన్నీ కలిపి కుట్టుకుంటే పోర్ట్‌ఫోలియో. కాలేజీ సీటుకు అప్లికేషన్ పెట్టేటప్పుడు అదే పిల్లల చేతిలో ఆయుధం.

ఈ చదువులో గొప్ప రహస్యమేమీ లేదు. ప్లాను, సెక్షను, ఎలివేషను అనే మూడు మాటలు అర్థమైతే తలుపు తెరుచుకున్నట్టే. ఇంటిని మొల ఎత్తున అడ్డంగా కోసి, పై సగం తీసేసి, పైనుంచి చూస్తే కనబడేది ప్లాను. బొప్పాయిని నిలువుగా కోసినట్టు ఇంటిని కోసి పక్కనుంచి చూస్తే సెక్షను. ఎదురుగా నిలబడి చూస్తే ఎలివేషను. మిగతాది చేతి అలవాటు.

చిక్కంతా డబ్బు దగ్గర. ఆ ప్రోగ్రాంల ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. స్కాలర్‌షిప్పులు కొన్ని ఉన్నా అవి అందరికీ అందవు. ఇండియాలో కూడా నగరాల ప్రైవేటు సంస్థలు పెట్టే 'డిజైన్ సమ్మర్ క్యాంపు'లు ఇంటర్నేషనల్ స్కూలు పిల్లల కోసం, వాళ్ళ ఇంగ్లీషులో, వాళ్ళ ఫీజులో నడుస్తాయి. అంటే కాలేజీ మెట్టు ఎక్కకముందే ఇంకో మెట్టు కట్టారు, దాని మీద డబ్బున్న పిల్లలు ముందే నిలబడ్డారు. రిజర్వేషన్ కాలేజీ గుమ్మం దగ్గర మొదలవుతుంది, ఈ మెట్టు దగ్గర కాదు.

తల్లకిందులుగా గీసిన మనిషి

ఈ మెట్టు సంగతి మనకంటే ముందు నల్లజాతి వాళ్ళు అర్థం చేసుకున్నారు. వాళ్ళ కథ మన పిల్లలకు చెప్పాల్సినది.

లాస్ ఏంజెలిస్‌లో పాల్ రెవెరె విలియమ్స్ అనే ఆర్కిటెక్ట్ ఉండేవాడు (1894-1980). అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌లో 1923లో సభ్యుడైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. సినిమా తారల ఇళ్ళతో సహా వేలల్లో కట్టడాలకు డిజైన్ చేశాడు. ఆయన కాగితాన్ని తల్లకిందులుగా గీయడం నేర్చుకున్నాడు. ఎందుకంటే కొందరు తెల్ల క్లయింట్లకు నల్లవాడి పక్కన కూర్చోవడం ఇబ్బంది. వాళ్ళు బల్లకు అవతల కూర్చుంటే, వాళ్ళ వైపునుంచి సరిగ్గా కనబడేట్టు ఇవతలినుంచి తల్లకిందులుగా గీసి చూపించేవాడు. తను డిజైన్ చేసిన ఇళ్ళున్న కొన్ని పేటల్లో తాను స్థలం కొనుక్కోవడానికి వీల్లేదు, దస్తావేజుల్లోనే నిషేధం రాసి ఉండేది. ఆ సంస్థ ఇచ్చే గోల్డ్ మెడల్ ఆయనకు 2017లో వచ్చింది, చనిపోయిన 37 ఏళ్ళకు. గ్లాసు వేరుగా పెట్టే హోటళ్ళు చూసిన మన పెద్దలకు ఈ బల్ల కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయనకంటే ముందు రాబర్ట్ రాబిన్సన్ టేలర్. ఒకప్పటి బానిసకు పుట్టినవాడు, 1892లో ఎంఐటీలో ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నాడు. అలబామాలో బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కెగీ బడికి వెళ్ళి అక్కడి భవనాలు డిజైన్ చేశాడు. ఆ భవనాలకు ఇటుకలు కాల్చిందీ, గోడలు లేపిందీ ఆ బడి పిల్లలే. గీయడం, కట్టడం రెండూ ఒకే పిల్లవాడి చేతికి నేర్పిన బడి అది. కులం మన దగ్గర ఆ రెంటినీ విడగొట్టింది. గీసేవాడికి మట్టి అంటదు, మట్టి అంటినవాడికి గీసే పని రాదు.

1971లో డెట్రాయిట్‌లో 12 మంది నల్లజాతి ఆర్కిటెక్టులు కలిసి 'నోమా' అనే సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికీ అమెరికా లైసెన్సున్న ఆర్కిటెక్టుల్లో నల్లజాతి వాళ్ళు వందకు ఇద్దరే. కాలేజీలో రాయితీ ఒక్కటే సరిపోదని, చిన్నప్పుడే పట్టుకోవాలని ఆ సంఘం ప్రాజెక్ట్ పైప్‌లైన్ పేరుతో పిల్లలకు వేసవి శిబిరాలు పెడుతోంది. శిబిరంలో నేర్పేది సంఘంలోని ఆర్కిటెక్టులే. పిల్లలు తమ సొంత పేటకు తీసుకెళ్ళి చూపించదగిన డిజైన్ చేస్తారు. తనలాంటి ముఖమున్న ఆర్కిటెక్టును పదమూడేళ్ళకే ఎదురుగా చూడడం, ఆ శిబిరాల్లో అసలు పాఠం అదేనని మాకనిపిస్తుంది.

మన దగ్గర దారి ఎలా ఉంది

ఆర్కిటెక్చర్ డిగ్రీ పేరు బి.ఆర్క్. అయిదేళ్ళు. చదివాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటేనే 'ఆర్కిటెక్ట్' అని బోర్డు పెట్టుకోవచ్చు, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం అలా చెబుతోంది. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఎంపీసీ పిల్లలకు ఇబ్బంది లేదు. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు ఈ తలుపు మూసినట్టే, వాళ్ళకు వేరే తలుపుంది, దాని సంగతి కింద రాశాం.

ముఖ్యమైన ప్రవేశ పరీక్షలు రెండు. ఒకటి నాటా. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పెడుతుంది, దీని మార్కులతో రాష్ట్ర కౌన్సెలింగ్‌లో సీట్లొస్తాయి. ఇటీవలి పద్ధతిలో 200 మార్కులకు 80 చేత్తో గీసే భాగానికి: రంగులతో ఒక కూర్పు, పెన్సిలుతో ఒక బొమ్మ, ఇచ్చిన సామగ్రితో ఒక చిన్న త్రీడీ మోడల్. రెండోది జేఈఈ మెయిన్ పేపర్ 2ఎ. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి కేంద్ర సంస్థలకు, ఎన్ఐటీలకు ఇది కావాలి. 400 మార్కుల్లో లెక్కలు 100, ఆప్టిట్యూడ్ 200, డ్రాయింగ్ 100. ఈ అంకెలు మళ్ళీ ఒకసారి చూడండి. గురుకులంలో లెక్కలు బాగా చెప్తారు. డ్రాయింగ్ ఎవరు చెప్తారు? లెక్కల్లో మన పిల్ల ఎవరికీ తీసిపోకపోయినా, పరీక్ష హాల్లో 'సంతలో కూరగాయలమ్మే ఆమెను గీయండి' అంటే, ఆ అమ్మ తన తల్లే అయినా, గీసే అలవాటు లేక కాగితం తెల్లగా వదిలేసి వస్తుంది. పట్నం పిల్ల ఏడాదిపాటు కోచింగులో అదే గీసి వచ్చి ఉంటుంది. వేసవి శిబిరం కావాలని మేమంటున్నది మొదట ఇందుకు.

విజయవాడ ఎస్పీఏ 2008లో మొదలైంది, 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్యత గల సంస్థ అయింది. పట్టిసీమకు అన్నిటికంటే దగ్గర కేంద్ర సంస్థ ఇదే. అక్కడే నాలుగేళ్ళ బి.ప్లాన్ కూడా ఉంది, దానికి పేపర్ 2బి రాయాలి. ప్లానింగ్ చదువు మన వాళ్ళ దృష్టికి అసలు రావడం లేదు. నిజానికి ఊరికి మాస్టర్ ప్లాను గీసేవాడు, శ్మశానానికి దారి ఎటునుంచి పోవాలో, పునరావాస కాలనీ ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు ఆ చదువునుంచే వస్తాడు. ఇవి కాక విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, కడపలో 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, చాలా ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలో చేరేముందు దానికి ఆ ఏడాది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవాలి. అనుమతి లేని కాలేజీలో అయిదేళ్ళు చదివినా రిజిస్ట్రేషన్ రాదు.

పదో తరగతితోనే వేరే దారి ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేయవచ్చు. మూడేళ్ళు. చేతికి డ్రాఫ్టింగ్ పని వస్తుంది, ఇంటికి ఎంతో కొంత సంపాదన మొదలవుతుంది. లెక్కలు ఒక సబ్జెక్టుగా ఉన్న డిప్లొమాతో తర్వాత నాటా రాసి బి.ఆర్క్‌కూ వెళ్ళవచ్చు. ఆడపిల్లను హైదరాబాద్ పంపలేమనే ఇళ్ళకు ఈ దారి మేలు.

ఇక డిజైన్. బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు ఉన్న తలుపిదే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, నిఫ్ట్ సంస్థల్లో బి.డెస్‌కు ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ 1961లో పుట్టింది. మన రాష్ట్రంలో ఎన్ఐడీ 2015లో వచ్చింది, 2019 చట్ట సవరణతో అదీ జాతీయ ప్రాధాన్యత గల సంస్థ. హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. వస్తువులు, బట్టలు, అక్షరాలు, బొమ్మలు, ఏది డిజైన్ చేయాలన్నా చూసే కన్ను, గీసే చెయ్యి కావాలి. తోలుపని, డప్పు, చాప, తట్ట, కుండ, నేత, ఇవన్నీ డిజైనే. వాటిని చేసిన కులాలను అంటరాని వాళ్ళన్నారు, వస్తువుల్ని మాత్రం మ్యూజియంలో పెట్టారు.

కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. రాష్ట్ర సీట్లలో 2025 వర్గీకరణ తర్వాత ఎస్సీల 15 శాతం మూడు గ్రూపులుగా 1, 6.5, 7.5 శాతాలైంది. మీ కులం ఏ గ్రూపులో ఉందో సర్టిఫికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. ఫీజుకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. కేంద్రం గుర్తించిన పెద్ద సంస్థల్లో సీటొస్తే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ వేరే ఉంది, ఎస్సీలకు దాని ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. విదేశీ చదువుకు ఎస్సీలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి మాత్రమే. పైన రాసిన అమెరికా వేసవి ప్రోగ్రాంలకు అది పనికిరాదు. ఎవరైనా ఏజెంటు వస్తుందని చెబితే నమ్మొద్దు.

పట్టిసీమలోనే పెడితే

2022 ఏప్రిల్ జిల్లాల విభజన తర్వాత పట్టిసీమ ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ శిబిరం పెట్టాలంటే పెద్ద భవనం అక్కర్లేదు. సెలవుల్లో ఖాళీగా ఉండే హైస్కూలు, లేదా పేటలో అంబేడ్కర్ భవన్ చాలు. ఏప్రిల్ చివరనుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా పిల్లలు ఇరవై మంది, నాలుగు వారాలు. రోహిణి కార్తె ఎండలో బయట తిరగలేం కాబట్టి బయటి పని పొద్దున ఆరునుంచి తొమ్మిదిన్నర దాకా, గీసే పని నీడలో. సామాను: కార్ట్రిడ్జ్ షీట్లు, 2బి, 4బి, 6బి పెన్సిళ్ళు, స్కేళ్ళు, సెట్‌స్క్వేర్లు, పాత పెళ్ళి కార్డులు, అట్టపెట్టెలు, ఫెవికాల్, కట్టర్, ముప్పై మీటర్ల టేపు ఒకటి. కంప్యూటర్ లేదని ఆగక్కర్లేదు. మొదట చెయ్యి తిరగాలి.

నేర్పేవాళ్ళు ఇద్దరుండాలి. ఒకరు ఆర్కిటెక్చర్ చదివిన లేదా చదువుతున్న మన పిల్ల. ఇంకొకరు పేటలోని తాపీ మేస్త్రీ. ఆర్కిటెక్చర్ విద్యార్థి కాలేజీలో చేరాక నేర్చుకునేవి మేస్త్రీ సంచిలో ముందే ఉన్నాయి: మూలమట్టం, రసమట్టం, తూకపుగుండు. మూడడుగులు, నాలుగడుగులు కొలిచి ఎదురు కర్ణం అయిదడుగులు వచ్చేట్టు తాడు లాగితే మూల సరిగ్గా కుదురుతుందని ఆయనకు తెలుసు. దాన్నే పదో తరగతి పుస్తకం పైథాగరస్ సిద్ధాంతం అంటుంది. నీళ్ళు నింపిన సన్న గొట్టం పట్టుకుని ఇంటి ఈ మూలకీ ఆ మూలకీ మట్టం చూడడం ఆయనకు రోజువారీ పని. పిల్లలకు అదే సర్వే పాఠం. మేస్త్రీకి రోజుకూలి ఇవ్వాలి, శాలువా కప్పి సరిపెట్టకూడదు.

మొదటి వారం కొలతలు. జాన, మూర, బార అని ఒంటితో కొలిచి తర్వాత టేపుతో సరిచూడాలి. సొంత ఇల్లు కొలవాలి. అడుగుకు పావు అంగుళం లెక్కన గీస్తే 17 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న ఇల్లు నాలుగుంపావు, అయిదు అంగుళాల బొమ్మ అవుతుంది, నోటుపుస్తకం పేజీలో పడుతుంది. ఇంట్లో మంచం, పొయ్యి, బియ్యం డ్రమ్ము, దండెం, పుస్తకాల సంచి ఎక్కడున్నాయో అన్నీ గీయాలి. ఆ బొమ్మ చూశాక తను చదువుకోవడానికి చోటెక్కడుందో పిల్లకు తానే కనబడుతుంది.

రెండో వారం పేట మ్యాపు. కుళాయిలు, మురుగు కాల్వ, వీధి దీపాలు, చర్చి, అంబేడ్కర్ విగ్రహం, బడికి దారి, శ్మశానానికి దారి. గొట్టంతో మట్టాలు చూసి నేల ఎటు వాలి ఉందో గీయాలి. గోదావరి ఒడ్డు ఊళ్ళలో ఈ పని ఊరికే చేసేది కాదు. 1986 ఆగస్టులో వరద ఎంతదాకా వచ్చిందో పెద్దవాళ్ళు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ నీటి గీత పిల్లలకే గుర్తుంది. రెండు గీతల్నీ మ్యాపు మీద వేస్తే ఊళ్ళో ఎవరి ఇల్లు మెరకన ఉందో, ఎవరిది పల్లంలో ఉందో రంగుల్లో తేలుతుంది. ఆ మ్యాపు పంచాయతీకి ఇవ్వదగిన కాగితం.

మూడో వారానికి డిజైన్. ఇక్కడ పిల్లలకు ఇచ్చే లెక్క మనందరికీ తెలిసిందే, సెంటున్నర స్థలం. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, సెంటున్నర 72.6 గజాలు, అడుగుల్లో సుమారు 653. ఇటీవల పేదలకు ఇచ్చిన ఇళ్ళ పథకంలో పల్లెల్లో స్థలం ఇంతే, అందులో ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలిన 313 అడుగుల్లో మేక ఎక్కడ? నాయనమ్మ మంచం ఎక్కడ? ఆడవాళ్ళు స్నానం చేసే చోటు వీధికి కనబడకుండా ఎలా? అన్నయ్యకు పెళ్ళైతే రెండో గది పైన వేయడానికి మెట్లు ఎటునుంచి? పోలవరం ముంపునుంచి లేపి కాలనీలకు తెచ్చిన కుటుంబాలకు ఇవి ఉత్త ప్రశ్నలు కావు. పెరడు, చింతచెట్టు, గొడ్లపాక ఉన్న ఇంటినుంచి వరసలో ఒక గడికి వచ్చిన మనిషికి ఏం పోయిందో పిల్లలు ఆ ఇళ్ళకు వెళ్ళి అడిగి, రాసుకుని, తర్వాత గీయాలి. అదే ప్లాను అందరికీ అచ్చుగుద్దిన ఆఫీసు ఈ పని చేయలేదు. ఇరవై మంది పిల్లలు ఇరవై రకాల ఇళ్ళు గీస్తారు, మాకు సందేహం లేదు.

ఇక్కడ పాత ఇళ్ళ గురించి ఒక మాట. గోదావరి జిల్లాల ఇల్లు అనగానే అందరూ మండువా లోగిలి ఫోటో పెడతారు. నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారా, నగిషీ స్తంభాలు. మంచి డిజైనే, గాలీ వెలుతురూ బాగా ఆడతాయి. పిల్లలు కొలిచి నేర్చుకోవాలి. కొలిచేటప్పుడు పాలేరు ఏ గుమ్మందాకా వచ్చేవాడో, ఎక్కడ నిలబడి ధాన్యం కొలిపించుకునేవాడో కూడా ప్లానులో గుర్తు పెట్టాలి. ఇంకో ఇల్లుంది, దాన్ని ఎవరూ ఫోటో తీయరు, చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు కప్పు. మూలలు లేవు కాబట్టి గాలివాన దాన్ని పట్టుకోలేక పక్కలకు జారిపోతుంది. 1977 నవంబరులో దివిసీమను, 1996 నవంబరులో కోనసీమను తుపాను ముంచిన తీరం ఇది. ఈ తీరపు పేదవాళ్ళు కనిపెట్టిన ఇంటిని ఇప్పుడు ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారు.

మధ్యలో ఒక రోజు గుంటుపల్లి వెళ్ళాలి. ఏలూరు జిల్లాలోనే, కామవరపుకోట దాటాక, క్రీస్తు పూర్వం కొండను తొలిచిన బౌద్ధ గుహలు. కర్ర ఇంటి వాసాల్ని రాతిలో చెక్కిన గుండ్రటి చైత్యం చూసిన పిల్లకు చుట్టిల్లు గుర్తుకు రాక మానదు. అక్కడ కూర్చోబెట్టి అమరావతి స్తూపం సంగతి చెప్పాలి. ఆ స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానమిచ్చిన వాళ్ళలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు, వృత్తి పేరుతో సహా శాసనంలో చెక్కించుకున్నాడు. మరో రోజు రాజమండ్రి. గోదావరి గట్టున దామెర్ల రామారావు (1897-1925) పేర ఆర్ట్ గ్యాలరీ ఉంది, పిల్లలు అసలు చిత్రం అంటే ఏమిటో చూడాలి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో దొరకదు. ఆనకట్టకు రాళ్ళు మోసిన వాళ్ళకు ఒక్క విగ్రహమూ లేదు. పిల్లలు కావాలంటే ఆ విగ్రహాన్నే డిజైన్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చు.

నాలుగో వారం మోడళ్ళు, జ్యూరీ. జ్యూరీ గురించి పిల్లల్ని ముందే సిద్ధం చేయాలి. బి.ఆర్క్‌లో డిజైన్ మార్కులు రాతపరీక్షలో రావు, బొమ్మ ముందు నిలబడి మాట్లాడితే వస్తాయి. ఇంగ్లీషు తడబడితే, ఇంటిపేరు విని ఊరడిగితే, 'ఇది మరీ పల్లెటూరి డిజైను' అంటే, పిల్ల అక్కడే కుంగిపోయే ప్రమాదం ఉంది. కోడింగ్ నంబరు వెనక దాక్కునే వీలు ఈ పరీక్షలో లేదు. అందుకే మొదటి జ్యూరీ తెలుగులో, సొంత పేటలో జరగాలి. మేస్త్రీ, డ్వాక్రా అక్కలు, కాలనీలో ఇల్లు పోగొట్టుకుని ఇల్లు తెచ్చుకున్న పెద్దాయన, బయటినుంచి ఒక ఆర్కిటెక్ట్ కూర్చోవాలి. 'ఈ వంటింట్లో పొగ ఎటు పోద్దమ్మా' అని ఆ అక్క అడిగే ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్ల ఎస్పీఏ జ్యూరీలో ఎవరికీ భయపడదు.

అంబేడ్కర్ గారు 1930ల్లో బొంబాయి దాదర్‌లో కట్టించుకున్న 'రాజగృహ' పుస్తకాల కోసం కట్టించుకున్న ఇల్లు. దాని ఫోటో శిబిరం గోడకు అంటిస్తే బాగుంటుంది. విగ్రహం ఫోటో ఎటూ ఉంటుంది.

శిబిరం అయ్యేనాటికి ప్రతి పిల్ల దగ్గరా పదిహేను, ఇరవై షీట్లుండాలి. వాటిని చుట్టచుట్టి అటక మీద పెట్టొద్దు, తడిసిపోతాయి. పాత క్యాలెండర్ అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టి, వెనక పేరు, తేదీ, కొలత స్కేలు రాసి, సెల్‌ఫోనుతో పగటి వెలుతురులో ఒక్కొక్కటీ ఫోటో తీసి ఉంచుకోవాలి. నాటా, జేఈఈ పేపర్ 2 అప్లికేషన్ల తేదీలు ఏటా మారతాయి, అక్టోబరు నుంచి ఆ వెబ్‌సైట్లు చూస్తూ ఉండాలి. గ్రామ సచివాలయంలో కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఆ లోపే తీసుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, కులం సర్టిఫికెట్లో పేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి.